బోధనుపట్టణము – శక్కరునగరము

నిజామాబాదు మండలములోని బోధనుపట్టణమునకుఁ జరిత్రములు రెండు గలవు. ఒకటి శాసనములవలనఁ దెలియునది; వేఱొకటి చెఱకువలనఁ గలిగినది. మొదటిదానిని బండితులు పలుమాఱు చర్చించిరి. రెండవదానికిఁ దగిన గౌరవ మింకను గలుగవలసియున్నది.

పాణిని 4.1.173వ సూత్రమున నశ్మకశబ్దమును గ్రహించి, యిఞ్‌ప్రత్యయముచే నాశ్మకి యను రూపమును సాధించెను. అశ్మకుఁడను రాజర్షి పౌదన్యమును నెలకొల్పెనని మహాభారతమునందలి యాదిపర్వము చెప్పుచున్నది. ఆ పౌదన్యమే పోదనమై, నేఁటి బోధనయ్యెనని పెక్కండ్రు చరిత్రకారుల మతము. పకారము బకారమగుట భాషలో నపూర్వము గాదు. దకారమునకు మహాప్రాణత్వము బోధనశబ్దసాదృశ్యమువలన వచ్చియుండును. కావున బోధించుటకును నీ యూరికిని సంబంధము గల్పింపరాదు. రాష్ట్రకూటుఁడగు నింద్రవల్లభుఁ డిచ్చట నింద్రనారాయణాలయమును గట్టించెననియు, 1056లోఁ జాళుక్య త్రైలోక్యమల్లుని కాలమున దానికి జీర్ణోద్ధరణము జరిగెననియు శాసనము తెలుపుచున్నది.

ఇఁక రెండవ చరిత్రము. 1923 మొదలు 1931 వఱకు మంజీరానదిపై నిజాముసాగరము నిర్మింపఁబడెను. నవాబు అలీ నవాజ్ జంగు దానికిఁ బ్రధానశిల్పి. 2,75,000 ఎకరములకు నీరిచ్చుట దాని యుద్దేశము. ఆ నీటి యండను 1937లో, మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున, నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దానిచుట్టును శక్కరునగరము పుట్టెను.

ఈ నామమును విచారింతము. సంస్కృతమున శర్కరాశబ్దమునకు గులకఱాయి యనియు, చక్కెర యనియు నర్థములు. అది ప్రాకృతమున సక్కరయై, తెలుఁగునఁ జక్కెరయై, పారసీకముద్వారా నుర్దూలో శక్కరయ్యెను. నాఁటి రాజభాష యుర్దూ గావున నూరికి నా రూపమే నిలిచినది. అశ్మశబ్దమునకును ఱాయి యనియే యర్థము. ఇది కాకతాళీయమేకాని ప్రమాణము గాదు. ఐనను రెండు పేళ్లును శిలార్థకములగుట గమనింపఁదగినది.

కోసిన చెఱకునందలి మాధుర్యము జాగుచేసినకొలఁది క్షీణించును. కావున యంత్రము పొలములకు సమీపముననే యుండవలయును. పొలములకుఁ గాలువ నీరందవలయును. తర్కమున దోషమగు నన్యోన్యాశ్రయ మిచ్చట జీవనాధారమయ్యెను. అందుచేతనే యొక్కటి సడలఁగాఁ దక్కినవియు సడలెను. సాగరమునఁ బూడిక పేరుకొని నీటినిలువ తగ్గెను. ఎగువను హైదరాబాదు త్రాగునీటికై సింగూరు జలాశయము గట్టఁబడెను. 2002లోఁ గర్మాగారమున నధికభాగము ప్రభుత్వమునుండి ప్రైవేటు సంస్థకు సంక్రమించెను. 2015 డిసెంబరులో నది మూఁతపడెను. కార్మికులు జీవనోపాధిని గోల్పోయిరి. చెఱకు పండించిన రైతులు వరి మొదలగు పైరులకు మరలిరి. వీనిలో నొక్కదానినే పతనహేతువుగా నిర్ణయించుట సాహసము.

జీర్ణాలయమును బునరుద్ధరించినవాని కీర్తిని 1056 నాఁటి శిల నిలిపినది. కర్మాగారమునఁ బాటుపడినవారి కట్టి శిల లేదు. వారి జీతపు పట్టీలు, చెఱకు తూఁకపు చీట్లు, దినచర్యపుస్తకములు వారికి శాసనములు. కాగితము శిలవలె నోర్చునది గాదు. కాలువ త్రవ్వినవారిని, కొలిమిచెంత నిలిచినవారిని నెఱిఁగిన వృద్ధులును నానాఁటికి విరళమగుచున్నారు. శాసనములకుఁ బ్రతులెత్తు శ్రద్ధతోనే పాఠశాలాపండితులు వారి మాటలను వ్రాసికొని, యా పత్రములను భద్రపఱచినచో శక్కరునగర చరిత్రము నిలుచును. లేనిచో నది యొట్టి పేరుగా మిగులును.