వరస కలవని మనుషులు

గుమ్మఘట్టలో బస్సు దిగిన కొత్తమనిషిని ముందుగా పేరడగరు. "యా ఊరప్పా, ఎవురింటోనివి?" అంటారు. ఎవరికేమవుతాడో తేలితే గానీ మనిషి అర్థం కాడు. నవలల్లోని పాత్రలనూ మనవాళ్లు చాలాకాలం ఇట్లాగే, వరసలు కలుపుకుంటూ చదివారు.

అంతకుముందు ఆలంకారికులకు ఆ అవసరమూ లేదు. నాయకుడు ధీరోదాత్తుడా, నాయిక స్వీయా పరకీయా అని గళ్లలో పెడితే పని అయిపోయేది. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము'లో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' తీసుకుని కథ అల్లికనూ పాత్రలనూ పరిశీలించాడు. సూరన రాసింది పద్యకావ్యమే. రెడ్డి దాన్ని నవల చదివినట్టు చదివాడు.

అసలు నవల అప్పటికే వచ్చేసింది. 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టి 'శ్రీరంగరాజ చరిత్ర'లో రాజుకూ, లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయికీ ప్రేమ పుట్టించాడు. 1878లో మొదలైన కందుకూరి 'రాజశేఖర చరిత్రము'లో డబ్బున్నన్నాళ్లే చుట్టాలు.

'మాలపల్లి' (1922) వచ్చాక వరసలు చాలలేదు. భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడికీ, వాళ్లింటి పాలేరు సంగదాసుకూ స్నేహం. ఆ సంగదాసును చౌదరయ్యే కొట్టి చంపుతాడు. ఆ తండ్రీకొడుకుల మధ్య ఏం తెగిందో చెప్పాలంటే చుట్టరికం కాదు, కూలి గింజల లెక్క తెలియాలి. మన నవలా విమర్శ ఇక్కడే పుట్టాల్సింది. తీరిగ్గా పుట్టింది.

అనంతపురంలో పాఠాలు చెప్పిన బుచ్చిబాబు లోపలి దారి పట్టాడు. 'చివరకు మిగిలేది'లో దయానిధి సీమదాకా వచ్చినా, తల్లి మీద పడిన నింద వెంటే వస్తుంది. బతికున్న ఆడవాళ్లతో అతని బంధాలన్నిటికీ ఆ చనిపోయిన తల్లే అడ్డం.

తర్వాత వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'నవలాశిల్పం' ఇట్లాంటివి మాట్లాడుకోవడానికి మాటలిచ్చింది. కానీ నాకు కళ్లు తెరిపించింది ఈ పక్క బెళుగుప్ప మండలంలో పుట్టిన చిలుకూరి దేవపుత్ర 'పంచమం'. దళితుల బతుకు రాసిన ఆ నవల చదువుతుంటే చిన్నప్పుడు చూసిందొకటి గుర్తొచ్చింది. మా ఊరి కల్లంలో శెనక్కాయలు తూరుపారబట్టే ముసలాయన్ని ఆసామి మనవడు, పదేళ్లవాడు, పేరు పెట్టి పిలిచాడు.

"ఏం సామీ?" అని ఆయన చేట కింద పెట్టి లేచి నిలబడినాడు.