మందు ఒంటికి అలవాటు పడుట

“మందు ఒంటికి అలవాటు పడినది” అను మాట వినని యిల్లు మన దేశమున లేదు. జూలూరుపాడు మొదలుగా భద్రాచలపు అడవుల యంచున నున్న పల్లెలలో, మధుమేహరోగికి ఇన్సులిను సూది వేయవలెనని వైద్యుడు చెప్పగానే మొదట అడ్డుతగులునది యీ మాటయే. సూది యొకమారు మొదలిడిన దేహము దానికి బానిస యగునని పెద్దలు వెఱచెదరు. ఆ భయమునకు ఆధారము లేదు. అయినను దాని చాటున నొక మంచి ప్రశ్న గలదు: ఒకే సందేశము మరల మరల వచ్చుచుండగా జీవకణము దానిని మొదటివలెనే వినునా?

1905లో ఇంగ్లండున స్టార్లింగు “హార్మోను” అను పేరును వాడుకలోనికి దెచ్చెను. ఆ యేటనే లాంగ్లీ, మందును అందుకొను పదార్థ మొకటి కణమునందే యుండవలెనని వాదించెను. దానినే నేడు గ్రాహకమనుచున్నాము. చిరకాల మది ఊహగానే నిలిచెను. ఇన్సులిను గ్రాహకములను నేరుగా కొలుచు ఉపాయము 1971 ప్రాంతమునగాని చేకూఱలేదు.

అమెరికాలోని బెథెస్డాలో జెస్సీ రోత్ బృందమువారు 1974లో మానవ లింఫోసైటు కణములను 5 మొదలు 16 గంటలపాటు ఇన్సులినులో నుంచి చూచిరి. కణములపై గ్రాహకముల సంఖ్యయే తగ్గిపోయెను! స్థూలకాయపు ఎలుకలందును ఇట్లే: రక్తమున ఇన్సులిను మిక్కుటము, కణములపై గ్రాహకములు కొఱత, ఆహారము తగ్గింపగా గ్రాహకములు మరల హెచ్చినవి. అయిన నవి పోయిన దెక్కడికి?

జవాబునకు దారి యంతకు పదేండ్లు ముందే దోమ కడుపున దొరకియుండెను. 1964లో థామస్ రోత్, కీత్ పోర్టరు అనువారు, నేడు మన యూళ్ళలో డెంగీని వ్యాపింపజేయు జాతి దోమ యొక్క అండములను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. అండపు పొరపై చిన్న గుంటలు పడి, లోనికి వంగి, సంచులై తెగి, గ్రుడ్డుసొనకు గావలసిన మాంసకృత్తును లోనికి గొనిపోవుచుండెను. ఆ గుంటల పూతను 1975-76లో బార్బరా పియర్సు పంది మెదడునుండి శుద్ధిచేసి, క్లాత్రిన్ అని పేరిడెను. మేదరివారు అల్లెడు కోళ్ళగంపను చూచినవారికి దీని యల్లిక వేఱుగ వర్ణింప నక్కఱలేదు. ఆరుమూలల కన్నులు, నడుమ నైదుమూలలవి.

గ్రాహకమును గోడకు బిగించిన తాళమని తలచుట తప్పని యిట్లు తేలినది. ఇన్సులిను తగులగానే గ్రాహకము మేల్కొని, సందేశము నందించి, హార్మోనుతోకూడ నట్టి గుంటలోనికి జాఱును. సంచి లోనికి జేరినపిదప దానిలో పులుపు పెరుగును. ఆ పులుపునకు హార్మోను విడివడి నశించును. గ్రాహకములలో పెక్కులు మరల పైపొర చేరును, కొన్ని జీర్ణమగును. ఇన్సులిను ఎడతెగక మిక్కిలిగానున్న, జీర్ణమగునవి హెచ్చును. సంచిని పులియజేయు యంత్రమునకు ఇంధనము ఏ.టి.పి. దానిని 1929లో ఫిస్కెతో గలసి కండరమునందు కనుగొన్నవాడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి మన పాఠశాలలలో నింకను గట్టిగా చెప్పవలసియున్నది.

ఇప్పుడు పెద్దల భయమునకు వత్తము. ఇన్సులినును మితిమీఱి పోయునది తఱచుగా సూది గాదు, స్థూలకాయుని క్లోమమే. పైగా ఇన్సులిను మొరాయించుటకు గ్రాహకముల తఱుగుదల యొక భాగము మాత్రమే. కణము లోపలి లోపములే తఱచుగా నెక్కువ. క్లోమము ఇన్సులినును చేయనేలేని బాలునకు సూది ప్రాణమే. “అలవాటు పడునేమో” యని దాని నాపించు తల్లిదండ్రులు బిడ్డను చేజేతుల పోగొట్టుకొందురు.

అడ్రినలిను గ్రాహకమునకు ముద్ర మఱియొకటి. పనిచేసిన గ్రాహకముపై బీటా-అరెస్టిన్ అను మాంసకృత్తు కూర్చుండి దాని నోరు మూయును. దానినే క్లాత్రిన్ గుంటకు నడిపించునని 1996లో తేలినది. ఈ గ్రాహకకుటుంబముపై చేసిన కృషికి లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో నోబెల్ బహుమతి లభించెను. లోనికి బోయిన గ్రాహకము మౌనము వహించునని యందఱు నమ్మియుండగా, థైరాయిడును ప్రేరేపించు హార్మోను యొక్క గ్రాహకము సంచిలోనుండియు మాటలాడుచున్నదని 2009లో వెల్లడియాయెను.

హైదరాబాదున కణ, అణు జీవశాస్త్ర కేంద్రమందు అమితాభ చటోపాధ్యాయ బృందము సెరొటోనిన్ గ్రాహకమును పరిశీలించినది. స్టాటిన్ మందుచే కణములోని కొలెస్ట్రాలును దీర్ఘకాలము తగ్గించిన, ఆ గ్రాహకము క్లాత్రిన్ దారిని విడిచి వేఱొక ద్వారమున లోనికి బోవుచున్నదని వారు 2020లో ప్రకటించిరి.