టేకాఫ్‌లోనే కూలిన చిన్న విమానం: సౌందర్య ప్రమాదం చెప్పే పాఠం

2004 ఏప్రిల్ 17, శనివారం. ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతోంది. బీజేపీ తరఫున ప్రచారం చేయడానికి సినీ నటి సౌందర్య బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ నుంచి కరీంనగర్ బయలుదేరారు. ఎక్కింది సెస్నా 180 అనే ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. ఉదయం 11 గంటలు దాటాక గాల్లోకి లేచింది. కొన్ని క్షణాలకే, పక్కనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో కూలి మంటల్లో కాలిపోయింది. సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్, పైలట్, మరో కార్యకర్త, మొత్తం నలుగురూ చనిపోయారు. 'అమ్మోరు', 'పవిత్ర బంధం', 'అంతఃపురం' సినిమాలతో తెలుగు ఇళ్లలో మనిషైపోయిన నటి ఆమె.

టేకాఫ్ ఎందుకు ప్రమాదకరం?

విమానం ఎత్తులో ఉంటే ఇంజిన్ ఆగినా కొంత దూరం జారుతూ దిగొచ్చు. పైలట్‌కి పొలమో, మైదానమో వెతుక్కునే టైమ్ దొరుకుతుంది. టేకాఫ్‌లో ఆ ఎత్తూ ఉండదు, టైమూ ఉండదు. అప్పుడు వెనక్కి తిరిగి రన్‌వే మీదకే వద్దామని చూస్తే స్పీడు పడిపోతుంది, రెక్కలు విమానాన్ని మోయలేవు. దీన్నే 'స్టాల్' అంటారు. అందుకే తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగితే ముక్కు కిందికి దించి, దాదాపు ఎదురుగానే దిగమని శిక్షణలో నేర్పుతారు.

బరువు, ఎండ కూడా లెక్కలోకి వస్తాయి. వేడికి గాలి పలచబడితే ఇంజిన్ బలం, రెక్కల పట్టు రెండూ తగ్గుతాయి. బెంగళూరులా సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున్న చోట ఇది ఇంకా ఎక్కువ. పైగా బయలుదేరేటప్పుడు ట్యాంకులో ఇంధనం ఎక్కువగా ఉంటుంది, కూలితే మంటలు త్వరగా అంటుకుంటాయి.

తొందర పనికిరాదు

అంతకు రెండేళ్ల ముందు, 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కూలింది. మన తిరువూరు కూడా అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది.

ఇప్పుడు దేశంలో విమాన భద్రత నియమాలు డీజీసీఏ చూస్తుంది. ప్రమాదాల దర్యాప్తుకు 2012లో ఏఏఐబీ అనే విభాగం ఏర్పాటైంది. కానీ ఎగరాలా వద్దా అని ఆ నిమిషంలో తేల్చాల్సింది పైలటే. సభకు లేటవుతోందని ఆయన్ని తొందరపెట్టే హక్కు ఎంత పెద్ద నాయకుడికైనా ఉండకూడదు.