పురుషపురం: కనుమ ముఖద్వారాన ఒక నగరం

పెషావరుకు పడమట, జమ్రూద్ దాటగానే ఖైబరు కనుమ మొదలవుతుంది. కాబూలు కొండల నుండి దిగివచ్చే బాటసారికి విశాలమైన పంటభూములు తొలిసారి కనిపించేది ఈ మైదానంలోనే. 1893లో డ్యూరాండ్ రేఖ గీసిన తరువాత దీనిని సరిహద్దు నగరమనడం మనకు అలవాటైంది. కుషాణుల నాడు ఇది అంచు కాదు. మధ్య ఆసియా నుండి గంగా మైదానం వరకు పరచుకొన్న రాజ్యానికి నడిబొడ్డు. అసంగ, వసుబంధు సోదరులు జన్మించిన పురుషపురం ఇదే.

కనిష్కుడు ఇక్కడ నిర్మించిన మహాస్తూపాన్ని 5వ శతాబ్దారంభంలో దర్శించిన ఫాహియాన్, తాను చూసిన స్తూపాలలో దీనికి సాటి లేదని రాశాడు. 1908-09లో స్పూనర్ షాజీకీఢేరీ దిబ్బను తవ్వించినప్పుడు బయటపడిన పునాది వ్యాసం 286 అడుగులు. ఆ దిబ్బను గుర్తించడానికి దారి చూపినవి చీనా యాత్రికుల రచనలే.

స్తూపగర్భంలో ఒక ధాతుకరండం లభించింది. దానిపైని ఖరోష్ఠీ శాసనంలో అగెసిలాస్ అనే గ్రీకు శిల్పి పేరున్నదని మొదట చదివారు. ఆ కథ పాఠ్యపుస్తకాలకు ఎక్కింది. మేమూ కొన్నేళ్లు అదే బోధించాము. తరువాతి పండితులు ఆ పదాన్ని అగ్నిశాలగా సరిదిద్దారు. శాసనంలో కనిపించేవారు కనిష్క విహారపు నిర్మాణ పర్యవేక్షకులు, అనగా నవకర్మికులు: మహాసేనుడు, సంఘరక్షితుడు.

మన సభలలో తరచుగా వినిపించే ఒక మాటను ఇక్కడ పరీక్షించవలసి ఉంది. గాంధార బౌద్ధం ముస్లిం దండయాత్రలతో ఒక్కసారిగా కూలిందంటారు. 7వ శతాబ్దంలో, ఆ దండయాత్రలకు చాలా ముందే, హుయాన్‌త్సాంగ్ వచ్చేనాటికి గాంధారంలో వేయి ఆరామాలు పాడుబడి ఉన్నాయి. వసుబంధువు అభిధర్మకోశం రచించిన చోటు ఇదేనని ఆయనకు చూపారు. విహారంలో భిక్షువులు మాత్రం కొద్దిమందే. అంతటితోనూ దీపం ఆరలేదు. 9వ శతాబ్దంలో నగరహారానికి చెందిన వీరదేవుడు కనిష్క మహావిహారంలో చదువుకొని, మగధకు వచ్చి, నాలందకు అధిపతి అయ్యాడని ఘోస్రావా శాసనం చెబుతోంది. 11వ శతాబ్దపు అల్‌బిరూనీకి కూడా కనిష్క చైత్యం పేరు తెలుసు. క్షీణత శతాబ్దాల పాటు సాగింది. దానిని ఒకే ఖడ్గానికి అంటగట్టడం చరిత్ర కాదు, కోపం.

కరండంలోని ధాతువులను 1910లో బ్రిటిష్ ప్రభుత్వం మాండలేకు పంపింది. కరండం పెషావరు మ్యూజియంలో నిలిచింది. పెట్టె ఒక దేశంలో, అది కాపాడినది మరొక దేశంలో! దిబ్బ ఉన్న చోటును నేడు ఇళ్లు కమ్ముకొన్నాయి.

ఇంత దూరపు ఊరు మనకేమవుతుందని అడిగేవారు నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం చూడాలి. 3వ శతాబ్దంలో, వీరపురుషదత్తుని కాలంలో, తామ్రపర్ణి ఆచార్యులు ధర్మానురక్తులను చేసిన దేశాల జాబితాలో కాశ్మీరం పక్కనే గాంధారం ఉంది. శాసనం చివర అక్కడి పనిని నడిపిన ముగ్గురు థేరుల పేర్లున్నాయి: చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. వారి హోదా కూడా నవకర్మికులే.