మన ఇంటికి ఏ కిటికీ?

పట్టుచీర కొనడానికి వెళ్తే కొట్టువాణ్ణి మనం ఎన్ని ప్రశ్నలు వేస్తామో! జరీ అసలుదేనా, రంగు దిగుతుందా, అంచు ముడుచుకుంటుందా అని గంటసేపు నిలేస్తాం. అదే, ఇంట్లో కంప్యూటర్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు "ఏ విండోస్ వేయమంటారండీ?" అని అడిగాడనుకోండి, "కొత్తది ఏదుంటే అదే వెయ్యి నాయనా" అనేసి మన పనిలో మనం పడతాం. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత మనకంత బాగా ఒంటబట్టింది. కాని ముప్పై ఏళ్ళ విండోస్ చరిత్ర తిరగేస్తే ఆ సామెతను ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇంట్లో తాళాల గుత్తి బొడ్లో దోపుకున్న పెద్దావిడ లాంటిది. ఫోటోలు దాచాలన్నా, ప్రింటర్ కదలాలన్నా, ఉత్తరం టైపు చేయాలన్నా అంతా ఆవిడ చేతిమీదుగానే జరగాలి. ఆవిడ మారితే ఇంటి పద్ధతులన్నీ మారతాయి. అందుకే ఎవరిని తెచ్చుకుంటున్నామో కాస్త చూసుకోవాలి.

మొదట ఆవిడ తిండి సంగతి చూద్దాం. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 కనీసం 4 మెగాబైట్ల మెమరీ ఉంటే చాలంది. విండోస్ 98కి 16 కావలసి వచ్చింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ 64 అడిగింది. 2007లో ఇళ్ళకు వచ్చిన విస్టాలో ఒక చిన్నరకానికే 512 కావాలి. 2021 నాటి విండోస్ 11 ఏకంగా 4 గిగాబైట్లంది. అంటే ఇరవయ్యారేళ్ళలో ఆకలి వెయ్యి రెట్లు పెరిగింది! ఇవన్నీ పెట్టెమీద రాసే కనీసపు లెక్కలు. కనీసపు లెక్కతో కంప్యూటర్ నడుస్తుందే గాని, దాని ముందు కూర్చున్న మనిషికి ఓపిక నశిస్తుంది. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్న పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఇక పేరు చూసి మోసపోవడం. 2000 సంవత్సరంలో రెండు విండోస్‌లు వచ్చాయి. ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000 ఆఫీసుల కోసమన్నారు. సెప్టెంబరులో వచ్చిన మిలెనియం ఎడిషన్ అచ్చంగా ఇళ్ళ కోసమన్నారు. తీరా చూస్తే ఆఫీసుది నిలకడగా పనిచేసింది, ఇంటిది మాటిమాటికీ మొరాయిస్తుందని చెడ్డపేరు తెచ్చుకుంది. మరుసటి ఏడు ఆ ఆఫీసు వంశంలోంచే ఎక్స్‌పీ పుట్టి, ఇళ్ళకూ ఆఫీసులకూ ఒకటే అయింది. "ఇంటి కోసం" అని పెట్టెమీద రాసినంత మాత్రాన అది మన ఇంటికి సరిపోతుందన్న పూచీ లేదన్నమాట.

ఎక్స్‌పీ గురించి తెలుగువాళ్ళం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విండోస్ 98 రోజుల్లో కంప్యూటర్‌కి తనంతట తనకు తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంటులతో డీటీపీ సెంటర్లు పని నడిపేవి. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే పద్ధతి అని 1991లో మొదలైన యూనికోడ్‌లో తెలుగుకు చోటున్నా, దాన్ని చదవగల విండోస్ మన ఇళ్ళకు రావడానికి ఎక్స్‌పీ దాకా ఆగవలసి వచ్చింది. "గౌతమి" అన్న తెలుగు ఫాంటు దానితోపాటే వచ్చింది. అయితే ఆ పెద్దావిడ తెలుగు దానంతట మాట్లాడదు. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, భాషల పెట్టె తెరిచి, ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తేనే తెలుగు సరిగ్గా కనబడేది. ఆ టిక్కు సంగతి తెలియక ఎంతమంది తెలుగు స్థానంలో ఖాళీ గళ్ళు చూస్తూ కూర్చున్నారో! విస్టా నుంచి ఆ బాధ లేకపోయింది. విండోస్ 7లో "వాణి", 8లో "నిర్మల" అన్న ఫాంటులూ తోడయ్యాయి.

ఇక్కడే అసలు నష్టం దాగి ఉంది. నేను మొదట్లో రాసిన కథలు కొన్ని డీటీపీ సెంటర్లో పాత ఫాంటుతో టైపు చేయించాను. కొన్నేళ్ళ తర్వాత కొత్త యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే నా కథానాయిక కనిపించలేదు. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు! ఫాంటు సంపాదించి, యూనికోడ్‌లోకి మార్పించి, తప్పులు దిద్దుకునేసరికి కొత్త నవల రాసినంత పనైంది. కథలంటే అచ్చు ప్రతి ఉంది. అమ్మ చెబుతుంటే టైపు చేయించిన పచ్చళ్ళ కొలతలకూ, నాన్న రాయించిన వంశవృక్షానికీ అచ్చు ప్రతి ఎక్కడుంటుంది?

విస్టా దగ్గర మరో పాఠం ఉంది. అమ్మకానికి పెట్టిన కంప్యూటర్ల మీద "విస్టాకు తగినది" అన్న స్టిక్కర్లు అంటించారు. వాటిలో కొన్ని, విస్టా గొప్పగా చెప్పుకున్న అద్దాల సొగసు లేని చిన్నరకాన్ని మాత్రమే మోయగలిగేవి. దానిమీద 2007లో అమెరికాలో కొందరు కొనుగోలుదారులు కోర్టుకెక్కారు కూడా. ఎక్స్‌పీతోనే సర్దుకుని, 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చాక మారినవాళ్ళు సుఖపడ్డారు. ఒక మెట్టు వదిలేసినంత మాత్రాన కొంప మునగదు.

విండోస్ 7తోపాటు ఇళ్ళల్లో ఇంకో ప్రశ్న బాగా వినబడింది: 32 బిట్లా, 64 బిట్లా? 32 బిట్ల రకం 4 గిగాబైట్లకు మించి మెమరీని వాడుకోలేదు. అంతకుమించి డబ్బుపోసి కొన్నా అటకమీద పెట్టిన గంగాళమే. 64 బిట్లదానికి ఆ ఇబ్బంది లేదు గాని, డాస్ నాటి పాత ప్రోగ్రాములు అందులో నడవవు. పాత ప్రింటర్‌కి 64 బిట్ల డ్రైవర్ దొరక్కపోతే అదీ మూలపడుతుంది. విండోస్ 11కి 32 బిట్ల రకమే లేదు కనుక ఆ తగువు తీరిపోయింది.

2012లో విండోస్ 8 అలవాటైన స్టార్ట్ బటన్‌ని తీసేస్తే జనం గోలపెట్టారు. మరుసటి ఏడు 8.1లో ఆ బటన్‌ని తిరిగి పెట్టారు. 2015 జులైలో విండోస్ 10 వచ్చి, 7, 8.1 వాడేవాళ్ళకు ఏడాదిపాటు ఉచితమంది. అలా చాలా ఇళ్ళల్లో అది స్థిరపడింది. దానికి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మద్దతు ముగిస్తే కంప్యూటర్ ఆగిపోదు. కిటికీ గొళ్ళెం ఊడితే బిగించడానికి వడ్రంగి రాడు, అంతే. కాని బ్యాంకు పనులు ఆ కిటికీ దగ్గరే చేసుకుంటున్నప్పుడు అదేమీ చిన్న విషయం కాదు. ఇళ్ళవాళ్ళకు 2026 అక్టోబరు 13 దాకా అదనపు రక్షణ ఇచ్చే ఏర్పాటూ చేశారు.

విండోస్ 11 మెమరీ ఒక్కటే చూడదు. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలంటుంది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. బాగా నడుస్తున్న యంత్రం కూడా ఈ పరీక్షలో తప్పవచ్చు. తప్పితే వెంటనే పాతసామాన్లవాడికి వేయనక్కర్లేదు. ఉత్తరాలు, ఇంటర్నెట్, రాతపనులకు ఉచితంగా దొరికే లినక్స్ ఉంది. తెలుగులోనే మెనూలుండే "స్వేచ్ఛ" అన్న లినక్స్‌ని మన హైదరాబాదులోనే కూర్చారు. యంత్రం పరీక్ష నెగ్గితే మాత్రం విండోస్ 11 హోమ్ చాలు, ఇంటి పనులకు ప్రో అక్కర్లేదు.

ఈసారి కుర్రాడు వచ్చి అడిగితే వంటింట్లోకి వెళ్ళకండి. నా యంత్రం దీన్ని మోస్తుందా, నా ప్రింటరూ నా తెలుగూ ఇందులో పనిచేస్తాయా, దీనికి ఏ ఏడుదాకా రక్షణ ఉంటుంది అని మూడు ప్రశ్నలు వేయండి. అతను సీడీయో పెన్‌డ్రైవో బయటికి తీసేలోగా ఫోటోలూ, పచ్చళ్ళ కొలతలూ, వంశవృక్షమూ ఇంకోచోట భద్రం చేయించండి. విండోస్ మళ్ళీ వేయించుకోవచ్చు, అమ్మ చెప్పిన కొలతలు మళ్ళీ ఎవరు చెబుతారు?