తుపాను కంటే ముందు చేరేది ఎవరు?

బంగాళాఖాతం ఒడ్డున పుట్టిన మన తెలుగువాళ్ళకు తుపాను కొత్తేమీ కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి 10,000 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అంతకు ఏడేళ్ళ ముందు, 1970 నవంబరులో, నాటి తూర్పు పాకిస్తాన్‌లో భోలా తుపాను కనీసం 3 లక్షల మందిని బలిగొంది.

1999 అక్టోబరు 29న ఒరిస్సాలోని పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తీరం దాటింది. గాలి వేగం గంటకు 260 కిలోమీటర్లు. ఎరసమ ప్రాంతంలో సముద్రం 5, 6 మీటర్ల ఎత్తు లేచి ఊళ్ళ మీద పడింది. రాష్ట్రంలో సుమారు 10,000 మంది చనిపోయారు. అప్పుడు నేను నాయక్‌ని. సహాయానికి వెళ్ళిన జవాన్లలో ఒకణ్ణి. పడిన చెట్లను గొడ్డళ్ళతో నరుక్కుంటూ వెళ్ళాం. మేము చేరేసరికి బతికేవాళ్ళు బతికారు, పోయేవాళ్ళు పోయారు. ఇక మాకు మిగిలింది తిండి, నీళ్ళు అందించడం, శవాలకు దహనం చెయ్యడం. ఫౌజు ఎంత వేగంగా కదిలినా తుపాను కంటే ముందు చేరలేదు. ముందు చేరేది పక్కింటివాడే.

ఈ సంగతి బంగ్లాదేశ్ 1970ల మొదట్లోనే గ్రహించి, ఊరూరా వలంటీర్లను తయారు చేసింది. అయినా షెల్టర్లు చాలక 1991లో లక్ష మందికి పైగా పోయారు. ఆ తర్వాత షెల్టర్లు పెంచారు. 2007లో సిద్ర్ తుపాను వచ్చినప్పుడు ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు సుమారు 3,400.

ఒరిస్సా కూడా అదే దారి పట్టింది. తీరం పొడవునా స్తంభాల మీద షెల్టర్లు కట్టారు, మామూలు రోజుల్లో వాటిలో బడులు నడిపారు. హెచ్చరిక ఎవరు చాటాలి, ముసలివాళ్ళను ఎవరు మొయ్యాలి అని ఊళ్ళోనే డ్యూటీలు పంచుకున్నారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు 10 లక్షల మందిని తరలించారు. మృతులు 50 లోపే. 2019లో ఫనికి 12 లక్షల మంది కదిలారు, 64 మంది చనిపోయారు.

అలాగని గెలిచేశామనుకోకూడదు. ప్రాణం దక్కినా ఇల్లు, పడవ, పశువు దక్కడం లేదు. ఉప్పునీళ్ళు నిలిచిన పొలం కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. పైగా సముద్రం వేడెక్కుతున్న కొద్దీ తుపాన్లు తొందరగా బలం పుంజుకుంటున్నాయి, అంటే మనకు దొరికే వ్యవధి తగ్గుతోంది.

రిటైరై తీరప్రాంత ఊళ్ళలో ఉంటున్న మిత్రులకు నా మనవి ఒక్కటే. రెక్కీ, డ్రిల్లు, హాజరు పట్టీ మనకు వచ్చిన విద్యలు. షెల్టరు తాళంచెవి ఎవరి దగ్గరుందో, కదల్లేనివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో తుపాను రాకముందే రాసి పెట్టుకుందాం. యూనిఫాం విప్పినా ఈ డ్యూటీ మనదే.

జై హింద్.