జగ్గన్నతోట తీర్థము – వాద్యకారులు

కోనసీమయందు మొసలపల్లి చెంతనున్న జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురము లేదు, ఉన్నది కొబ్బరితోట. అయినను ఏటేట కనుమనాడు వ్యాఘ్రేశ్వరము, గంగలకుర్రు, ఇరుసుమండ, వక్కలంక మొదలగు 11 గ్రామముల నుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై విచ్చేసి యచ్చట కొలువుదీరుదురు.

వెదురుతో కట్టిన ఆ ప్రభలను భుజములపై మోయుచు, గంగలకుర్రువారు కౌశిక నీటిలో దిగి యావలి గట్టెక్కుదురు. అప్పుడు వారి యడుగులను కలిపి నడిపించునది వాద్యమే. డప్పులు, సన్నాయి మేళము, గరగ నర్తకులు లేని తీర్థమును ఊహింపజాలము.

2023వ సంవత్సరము గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఈ తీర్థమే ప్రదర్శితమయ్యెను. రుద్రుల పేర్లు ఊరూర తెలియును. తరతరములుగ వాయించిన చేతుల పేర్లు పుస్తకములకెక్కుట అరుదు. వృద్ధ వాద్యకారులు జీవించియుండగనే వారి పేర్లను, దరువులను వ్రాసి భద్రపరచుట గ్రామ గ్రంథాలయములు చేయదగిన పని.